గ్రనాడాలో స్పానిష్ కోర్సుకు వెళ్తున్నారా? ఎక్స్‌కర్షన్ల ప్యాకేజీ కట్టే ముందు ఇది చదవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మార్చి మధ్యలో స్పెయిన్‌లోని గ్రనాడాకి వెళ్తున్నారు. 12 వారాల కోర్సు, రోజూ పొద్దున నాలుగు గంటలు క్లాసు. స్కూల్ వాళ్ళు ఎనిమిది ఎక్స్‌కర్షన్ల లిస్టు పంపారు: అలాంబ్రా అనే పాత సుల్తానుల కోట, అల్బాయిసిన్ పాత పేటలో నడక, సాక్రోమోంతే గుహల పేట, '1492' నడక, కవి లోర్కా ఊళ్ళు, అల్పుహార్రా కొండ ఊళ్ళు, కోర్దోబా, సెవియ్యా నగరాలు. అన్నీ కలిపి ప్యాకేజీగా కడితే డిస్కౌంట్. మీ స్పానిష్ ఎ2 లెవెల్, అంటే మొదలుపెట్టినవాళ్ళ రెండో మెట్టు. చరిత్ర పెద్దగా తెలియదు. శాకాహారులు. ప్యాకేజీ తీసుకోవాలా, సొంతంగా తిరగాలా అని టెన్షన్ పడుతున్నారు.

ప్యాకేజీ వద్దు. ఎనిమిదింటిలో నాలుగు స్కూల్‌తో వెళ్ళండి: అలాంబ్రా, 1492 నడక, లోర్కా, అల్పుహార్రా. అల్బాయిసిన్, సాక్రోమోంతే మీ కాళ్ళతో మీరే తిరగండి. కోర్దోబాకి క్లాసులో ఇద్దరు ముగ్గురు స్నేహితులయ్యాక వాళ్ళతో వెళ్ళి ఒక రాత్రి ఉండండి. సెవియ్యా సంగతి చివర్లో చెప్తాను.

నేనెవరో కూడా చెప్పాలి కదా. హైదరాబాద్‌లో స్పానిష్ నేర్చుకుని, మీలాగే గ్రనాడాకి కోర్సుకు వెళ్ళి, తర్వాత అక్కడే ఒక భాషా పాఠశాలలో తొమ్మిదేళ్ళు పనిచేశాను. పొద్దున క్లాసులు వేరేవాళ్ళు చెప్పేవారు. సాయంత్రాలూ శనివారాలూ విద్యార్థుల్ని ఊరు తిప్పడం నా ఉద్యోగం. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాను కాబట్టి ఏ స్కూల్ తరఫునా మాట్లాడాల్సిన అవసరం నాకు లేదు.

కొన్ని చోట్లు కళ్ళతో చూస్తే చాలు. ఇంకొన్ని చోట్ల, ఎవరైనా నిలబెట్టి చెప్పకపోతే పక్కనుంచి నడిచి వెళ్ళిపోతాం. స్కూల్‌కి డబ్బు ఈ రెండోరకానికి కట్టండి. కోర్దోబా మసీదులో ఆ స్తంభాల వరసలు చూసి నోరు తెరవడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. గ్రనాడా నడిబొడ్డున ఒఫీసియోస్ అని చిన్న వీధి ఉంటుంది. నేను మొదటి రెండు నెలలూ రోజుకు నాలుగుసార్లు ఆ దారినే నడిచాను. ఏమీ తెలియలేదు. ఒకవైపు ఉన్న భవనం 1349లో సుల్తాన్ మొదటి యూసుఫ్ పెట్టించిన మదరసా. బయట 18వ శతాబ్దపు బరోక్ శైలి ముఖం తగిలించేసరికి పక్క భవనాల్లో కలిసిపోయింది. లోపలికి వెళ్తే పాత ప్రార్థన గది, రంగులు మిగిలి ఉన్న గచ్చు నగిషీలతో అలాగే ఉంది. దానికి సరిగ్గా ఎదురుగా, చెయ్యి చాస్తే అందేటంత దూరంలో రాయల్ చాపెల్, వాళ్ళ మాటల్లో కపియ్యా రెయాల్. ఆ సుల్తానుల రాజ్యాన్ని ముగించిన ఇసబెల్ రాణి, ఫెర్నాందో రాజు అందులో పడుకుని ఉన్నారు. ఓడినవాళ్ళ బడికీ గెలిచినవాళ్ళ సమాధికీ మధ్య నేను రోజూ రొట్టె కొనుక్కుని ఇంటికి వెళ్ళేదాన్ని.

అందుకే 1492 నడకకి ముందు పేరు ఇచ్చెయ్యండి. రెండు గంటల పని, బస్సు లేదు, అంతా అరకిలోమీటరు లోపే. మా స్కూల్లో ఇది ఇసబెల్ రాణి పేరుతో ఉన్న కూడలిలో మొదలయ్యేది. అక్కడ కంచు విగ్రహం ఉంటుంది. రాణి గద్దె మీద కూర్చుని ఉంటుంది, కొలంబస్ ఎదురుగా కాగితం పరిచి చూపిస్తుంటాడు. ఆ ఏడాది జనవరి 2న ఆఖరి సుల్తాన్ బోఅబ్దిల్ ఊరి తాళాలు అప్పగించాడు. మార్చి 31న యూదులు దేశం విడిచిపోవాలని ఇదే ఊళ్ళో శాసనం మీద సంతకాలు పడ్డాయి. ఏప్రిల్ 17న, ఊరికి పడమర ఉన్న సాంతా ఫే అనే దండు ఊరిలో కొలంబస్‌తో సముద్రయాత్రకి ఒప్పందం కుదిరింది. మూడున్నర నెలల్లో ఈ మూడూ అయిపోయాయి. ఆ మూడో కాగితం వల్లే తర్వాతి రోజుల్లో మిరపకాయ అమెరికా నుంచి సముద్రాలు దాటి మన గుంటూరు దాకా వచ్చిందని చెప్తే, మనవాళ్ళెవరైనా గుంపులో ఉంటే ఒక్కసారి తలెత్తి చూసేవారు. మీకు పనికొచ్చే ఇంకో సంగతి: కాస్తిల్ భాషకు, అంటే మనం స్పానిష్ అనేదానికి, మొదటి వ్యాకరణం, నెబ్రిహా రాసింది, అచ్చయింది కూడా అదే ఏడాది ఆగస్టులో, సలమాంకాలో. మీరు తిట్టుకుంటూ బట్టీపట్టే క్రియారూపాల పుస్తకాల పూర్వీకుడు అదే.

ఆ నడక చివర బిబ్‌రాంబ్లా కూడలి దగ్గర ముగుస్తుంది. పూల దుకాణాలు, చుర్రోలు, పిల్లలు. ఊరు అప్పగించే ముందు 1491 నవంబర్‌లో కుదిరిన ఒప్పందంలో ముస్లింల మతం, ఆస్తి, న్యాయస్థానాలు వాళ్ళవి వాళ్ళకే ఉంటాయని రాసిచ్చారు. పదేళ్ళు తిరగకుండానే చర్చి పెద్ద కార్డినల్ సిస్నేరోస్ ఈ కూడలిలోనే అరబ్బీ గ్రంథాల్ని కుప్పపోసి తగలబెట్టించాడు. వైద్య గ్రంథాలు మాత్రం పక్కన పెట్టుకున్నారు. ఈ సంగతి చెప్పే బోర్డు కోసం కూడలంతా వెతక్కండి. ఇక్కడే గైడు కావాలి.

ఇంతకీ స్పానిష్ క్లాసుకీ దీనికీ సంబంధం ఏమిటంటే, భూతకాలం. ఎ2 నుంచి పై మెట్టు బి1కి వెళ్ళేటప్పుడు అందరూ చిక్కుకునేది అక్కడే. వాళ్ళకి రెండు భూతకాలాలు ఉన్నాయి, ఎప్పుడు ఏది వాడాలో ఇంగ్లీషు మీదుగా ఆలోచిస్తే అర్థం కాదు. తెలుగులో ఆలోచించండి. 'బోఅబ్దిల్ తాళాలు ఇచ్చాడు' అంటాం. 'ఈ వీధిలో పట్టు వ్యాపారులు ఉండేవారు' అంటాం. 'ఇచ్చాడు' దగ్గర వాళ్ళ ఇందెఫినీదో, 'ఉండేవారు' దగ్గర వాళ్ళ ఇంపెర్ఫెక్తో. నూటికి నూరుపాళ్ళు సరిపోదు గానీ తొంభై పాళ్ళు సరిపోతుంది. ఈ విషయంలో మన పిల్లలు అమెరికన్, జర్మన్ విద్యార్థుల కంటే ముందుంటారు, వాళ్ళకే తెలియదు. చరిత్ర చెప్పే గైడు రెండు గంటలసేపు ఈ రెండు కాలాల మధ్యే అటూ ఇటూ తిరుగుతాడు. ఏ క్లాసులోనూ అన్ని ఉదాహరణలు దొరకవు.

అందుకని స్కూల్‌ని ఒక ప్రశ్న అడగండి: గైడు స్పానిష్‌లో మాత్రమే చెప్తాడా, ఇంగ్లీషు కూడా కలుపుతాడా? రెండు భాషలూ అంటే వద్దనండి. నా అనుభవంలో, వెనకాల ఇంగ్లీషు వస్తుందని తెలిస్తే చెవి స్పానిష్ వినడం మానేస్తుంది. సగం కూడా అర్థం కాకపోయినా స్పానిష్ గుంపులోనే ఉండండి. ఇంకోటి, బ్రోషర్‌లో మాట సరిగ్గా చూడండి. 'విసీతా గియాదా' అంటే గైడు చెప్తాడు. 'అకోంపాన్యాదా' అంటే స్కూల్ కుర్రాడొకడు మీతో పాటు బస్సెక్కుతాడు, అంతే. టూరిస్ట్ గైడుగా పనిచెయ్యాలంటే గ్రనాడా ఉన్న రాష్ట్రం ఆందలూసియా, ఆ ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. నాకు అది రాకముందు నేనూ ఆ బస్సెక్కే మనిషినే, తలలు లెక్కపెట్టుకోవడం తప్ప నేను చేసిందేమీ లేదు. ఇరవై మంది దాటిన గుంపైతే వెనక వరసకి మాటలు చేరవు, ఆ సంఖ్య కూడా ముందే అడగండి.

యాస గురించి కూడా. క్లాసులో 'గ్రాసియాస్' అని నేర్పుతారు, బయట 'గ్రాసియా' అని వినపడుతుంది. 'మాస్ ఓ మేనోస్' కాస్తా 'మా ఓ మేనో' అవుతుంది. గ్రనాడా వాళ్ళు మాట చివర 'స'ని మింగేసి ముందున్న అచ్చును కొంచెం తెరుస్తారు, బహువచనం ఆ తెరవడంలోనే ఉంటుంది. మొదటి నెల ఏడుపొస్తుంది. తర్వాత మాడ్రిడ్ వాళ్ళు రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడుతున్నారనిపిస్తుంది.

ఇక అలాంబ్రా. మన పేపర్లు అల్హంబ్రా అని రాస్తాయి, స్పానిష్‌లో ఆ 'హ' పలకదు. అరబ్బీలో ఎర్రనిది అని అర్థం. ఇది స్కూల్‌తో వెళ్ళమనడానికి సగం కారణం టికెట్. రోజుకు ఇంతమంది అని లెక్క ఉంది, వసంతకాలంలో చాలా ముందే అయిపోతాయి, పేరూ పాస్‌పోర్ట్ నంబరూ ఇచ్చి కొనాలి. అసలు పాస్‌పోర్ట్ జేబులో ఉండాలి, ఫోన్‌లో ఫొటోని నమ్ముకుని వెళ్ళకండి.

ఒక పొరపాటు చెప్తాను, నేను చేసిందే. టికెట్ మీద ఒక టైమ్ ఉంటుంది. అది మెయిన్ గేటు దగ్గర ఉండాల్సిన టైమ్ కాదు, లోపల సుల్తానులు ఉన్న మేడల, అంటే నస్రీ భవనాల, గుమ్మం దగ్గర ఉండాల్సిన టైమ్. ఉద్యోగంలో చేరిన మొదటి వేసవిలో పదహారు మందిని తీసుకెళ్ళాను. పన్నెండున్నరకి మా వంతు. ఎండగా ఉందని ముందు హెనెరలీఫే తోటలు చూపించాను. నీళ్ళ చప్పుడు, నీడ, ఎవరూ కదల్లేదు, నేనూ తొందరపెట్టలేదు. అక్కడినుంచి భవనాల దగ్గరికి పావుగంట నడక. మేం చేరేసరికి మా వంతు దాటిపోయింది. బ్రెజిల్ నుంచి వచ్చిన ఒకావిడకి మర్నాడే విమానం. బయట గట్టు మీద కూర్చుని బూట్లు విప్పుకుని అరికాళ్ళు రుద్దుకుంటూ ఉంది, నన్ను ఒక్క మాటా అనలేదు. ఆ తర్వాత మిగిలిన ఏళ్ళలో నేను ఎప్పుడూ తోటలతో మొదలుపెట్టలేదు. మీ గైడు మొదలుపెడితే వాచీ చూపించండి.

లోపల చూడాల్సినవి లెక్కలేనన్ని. సింహాల ముంగిట పన్నెండు సింహాలు, చుట్టూ 124 సన్న స్తంభాలు. కోమారెస్ గోపురంలోని రాయబారుల గదికి ఎనిమిది వేలకు పైగా చెక్క ముక్కలు కూర్చి చేసిన కప్పు, ఏడు స్వర్గాలకు గుర్తు. ఇవన్నీ ఎవరైనా చెప్తారు. మీరు గైడుని అడగాల్సింది గోడల మీది రాత గురించి. అలంకారంలా కనపడేదంతా అక్షరాలే. నస్రీ వంశపు నినాదం, 'దేవుడు తప్ప విజేత లేడు', అలంకారపు పట్టీల్లో మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకసారి ఆ ఆకారం గుర్తుపట్టారంటే ఆ తర్వాత ప్రతి మూలా అదే కనపడుతుంది. సింహాల మీది తొట్టి అంచున ఇబ్న్ జమ్రాక్ అనే మంత్రి కవిత్వం చెక్కి ఉంది. నీళ్ళూ పాలరాయీ కలిసిపోయి ఏది పారుతోందో తెలియడం లేదని అందులో ఒక చోట ఉంటుంది. మన ప్రబంధ కవులు వింటే భుజం తట్టేవారు. ఆ పక్కనే ఐదో చార్లెస్ చక్రవర్తి 1527లో మొదలెట్టించిన చతురస్రపు రాతి మేడ, లోపల గుండ్రటి ముంగిలి. దానికి పైకప్పు 20వ శతాబ్దం దాకా పడలేదు. చాలామంది దాన్ని తిట్టిపోస్తారు, నాకు మాత్రం ఇష్టం. దానిలోకి వెళ్ళడానికి టికెట్ అక్కర్లేదు. కాబట్టి స్కూల్‌తో వెళ్ళొచ్చిన మూడో రోజో నాలుగో రోజో ఒంటరిగా ప్లాసా నుయేవా నుంచి గోమేరెస్ ఎత్తు మీదుగా చెట్ల నీడలో పైకి నడవండి. దారి పక్క కాలువల్లో నీళ్ళు మీకు ఎదురు దిగుతుంటాయి. ఆ గుండ్రటి ముంగిట్లో కూర్చుని, గైడు చెప్పినదాంట్లో గుర్తున్నది పది వాక్యాలు స్పానిష్‌లో రాయండి. నా విద్యార్థుల్లో ఈ రెండోసారి వెళ్ళినవాళ్ళ స్పానిష్‌కీ వెళ్ళనివాళ్ళ స్పానిష్‌కీ తేడా నాకు సోమవారం సాయంత్రం నడకలోనే తెలిసిపోయేది.

మాటల దగ్గరికి వచ్చాం కాబట్టి ఒక చిన్న సరదా. ఈ ఊళ్ళో వీధి పక్క చెట్లకి పండ్లు వేలాడుతుంటాయి, నరాంహా అంటారు. కోసి తినకండి, చేదు పులుపు. ఆ మాటా మన నారింజా ఒకటే, పండు కూడా మన పాత నారింజే, కమలాపండు కాదు. మన వైపు నుంచి పర్షియన్, అరబ్బీ మీదుగా ఇక్కడికి చేరింది. అసూకార్ మన చక్కెరకి చుట్టం, అహెద్రేస్ అంటే చదరంగం, లిమోన్ నిమ్మ వరసే, అల్కన్ఫోర్ కర్పూరం. కస్టమ్స్‌కి వాళ్ళు అదువానా అంటారు, అది మన దివాణం. మేయర్‌కి అల్కాల్దే, అంటే మన ఖాజీ గారు. అల్మారాకి అర్మారియో, మేజాకి మేసా. ఈ చివరి రెండూ అరబ్బుల ద్వారా కాదు, పోర్చుగీసు ఓడల్లో మనకి వచ్చినవి. నోట్‌బుక్ వెనక పేజీలో ఇలాంటివి రాసుకుంటూ పోతే 12 వారాల్లో రెండు పేజీలు నిండుతాయి.

అల్బాయిసిన్‌కి గైడు ఎందుకు వద్దన్నానంటే, ఆ పేట తప్పిపోవడానికే పనికొస్తుంది. సందులు, తెల్ల గోడలు, గోడల వెనక తోటలున్న ఇళ్ళు. వాటిని కార్మెన్ అంటారు. గుంపుతో వెళ్తే ఎవరి వీపు వెనకో నడుస్తారు. ఒంటరిగా వెళ్ళి, పాత నీటి తొట్లు ఎక్కడున్నాయో వెతకండి. అల్హీబే అంటారు, ఇటుక తోరణంతో గోడలోకి నోరు తెరిచి ఉంటాయి. ఎవరైనా ముసలావిడ కనపడితే 'ఇక్కడ అల్హీబే ఎక్కడుందండీ' అని అడగండి. దారి చెప్పి ఊరుకోదు, వెంట నడుస్తుంది, వాళ్ళ అమ్మమ్మ బిందెల కథ చెప్తుంది. ఆ మాట మాత్రం గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం ఉంది. దారో నది ఒడ్డున 11వ శతాబ్దపు స్నానశాల ఉంది, బన్యువేలో, అది మాత్రం వదలకండి. సాన్ నికొలాస్ గుడి ముందు నుంచి సాయంత్రం అలాంబ్రా కనపడే దృశ్యం అందరికీ తెలిసిందే, జేబు జాగ్రత్త.

ఆ తొట్లకి నీళ్ళు ఎక్కడివి? ఊరికి ఈశాన్యాన అల్ఫాకార్ అనే పల్లెలో ఒక ఊట ఉంది, అడుగు నుంచి బుడగలు లేస్తుంటాయి. అరబ్బులు దాన్ని ఐనదమార్ అన్నారు, కన్నీళ్ళ ఊట. అక్కడినుంచి కాలువ తవ్వి అల్బాయిసిన్‌కి నీళ్ళు తెచ్చారు. 1936 ఆగస్టులో, అంతర్యుద్ధం మొదలైన నెల రోజులకే, కవి ఫెదెరీకో గార్సియా లోర్కాని కాల్చి చంపింది అల్ఫాకార్‌కీ పక్కనున్న విస్నార్ ఊరికీ మధ్యన, ఆ ఊట దగ్గర్లోనే. ఇంతవరకు ఆయన శరీరం దొరకలేదు. స్కూల్ లోర్కా ట్రిప్పులో సాధారణంగా ఆయన 1898లో పుట్టిన ఫుయెంతే బకేరోస్ ఇల్లు, గ్రనాడాలోనే ఉన్న వాళ్ళ వేసవి ఇల్లు ఉవెర్తా దె సాన్ బిసెంతే ఉంటాయి. విస్నార్ లోయ కూడా ఉందా అని అడగండి. ఉంటే తప్పకుండా వెళ్ళండి. పైన్ చెట్ల కింద ఒక రాయి మీద మూడు మాటలు చెక్కి ఉంటాయి: లోర్కా ఎరాన్ తోదోస్. లోర్కా ఒక్కడే, క్రియ మాత్రం బహువచనం, అదీ ఇంపెర్ఫెక్తో. 'లోర్కా అంటే వాళ్ళందరూ' అని తిప్పి చెప్పొచ్చేమో. ఆ లోయలో చంపి పూడ్చిన పేరులేని వాళ్ళందరి గురించి ఆ మాట. మా గుంపులో ఎ2 పిల్లలు ముందు 'వ్యాకరణం తప్పు కదా' అనేవారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడేవారు కాదు.

సాక్రోమోంతేలో గుహ ఇళ్ళు, హితానోల (స్పెయిన్‌లోని రోమా జనాన్ని అలా అంటారు) ఫ్లమెంకో పాటా ఆటా. డిన్నర్‌తో కలిపి గుహ షో అమ్ముతారు, ఆ డబ్బుకి ఆ కూడు తగదు. పగటిపూట గుహల మ్యూజియం చూడండి. 1963 వానలకి గుహలు కూలి జనం ఖాళీ చేసిన కథ అక్కడ ఉంది. పాట వినాలంటే అల్బాయిసిన్‌లో లా ప్లాతెరీయా అనే పేన్యా ఉంది, 1949 నుంచి నడుస్తున్న అభిమానుల సంఘం, అక్కడ అడగండి. హితానోల మూలాలు మన ఉపఖండానివే. రోమా భాషలో రెండు 'దుయ్', మూడు 'త్రిన్'. ఇక్కడి వాళ్ళ కలో యాసలో నీళ్ళని 'పన్యీ' అంటారు. మీరు ఇండియా నుంచి వచ్చారని తెలిస్తే ఎవరో ఒకరు 'మనం మనం చుట్టాలం' అని భుజం మీద చెయ్యి వేస్తారు. చాలా సంతోషమనండి, వెంటనే టికెట్ మాత్రం కొనకండి.

అల్పుహార్రాకి సొంతంగా కూడా బస్సులున్నాయి. అయినా స్కూల్‌తో వెళ్ళమంటున్నాను. సియెర్రా నెవాదా దక్షిణపు వాలు మీద పంపనేయిరా, బుబియోన్, కపిలేయిరా అని మూడు ఊళ్ళు ఒకదాని పైన ఒకటి ఉంటాయి. పై ఊరు 1,400 మీటర్ల పైమాటే. దారి మెలికలు, వాంతులయ్యేవాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. అక్కడి ఇళ్ళకి వాలు పెంకులుండవు, చదును మట్టి మిద్దెలు. చెస్ట్‌నట్ దూలాలు, వాటి మీద పలక రాళ్ళు, పైన లావునా అనే బూడిదరంగు మట్టి, అది నీరు దిగనివ్వదు. మొదటిసారి చూసినప్పుడు కర్నూలు జిల్లాలో మా మేనత్త ఇంటి చవుడు మిద్దె గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను. గోడ పక్కన ఒకాయన సరిగ్గా మా మామయ్యలాగే మిద్దె మీద మట్టి తొక్కుతున్నాడు.

గ్రనాడా సుల్తానుల చేతి నుంచి పోయిన తర్వాత బలవంతంగా మతం మార్చిన ముస్లింలని మోరిస్కోలు అనేవారు. భాష, బట్టలు, స్నానాలు కూడా నిషేధించేసరికి 1568 క్రిస్మస్ రోజుల్లో ఈ కొండల్లో తిరుగుబాటు లేచింది. అణచడానికి రెండేళ్ళు దాటింది. తర్వాత వాళ్ళని ఈ రాజ్యం నుంచి వెళ్ళగొట్టి ఉత్తరాది నుంచి జనాన్ని తెచ్చి పెట్టారు. జనం మారినా కాలువలు ఉండిపోయాయి. వాటిలో కరేయో కాలువలు అనేవి చూడాల్సినవి. మంచు కరిగే రోజుల్లో పైనుంచి నీళ్ళు తెచ్చి కావాలనే వాలులో ఇంకబెడతారు, ఆ నీళ్ళు వేసవిలో కింద ఊటలుగా పైకొస్తాయి. మన ఇంకుడు గుంతని కొండంత చేసినట్టు. బస్సు దిగి ఊరి వీధిలో జరాపా దుప్పట్లు కొనుక్కుని వచ్చేస్తే ఇదేదీ కనపడదు. గంటసేపు కాలువ గట్టున నడిపించే ట్రిప్పేనా అని అడిగి కట్టండి. ఈ కొండల్లో ఎత్తైనది ముల్హాసేన్, 3,479 మీటర్లు. బోఅబ్దిల్ తండ్రి ములే హాసేన్ పేరే అది.

కోర్దోబా: మసీదు 785లో మొదలైంది, 856 స్తంభాలు మిగిలాయి, నడుమ 16వ శతాబ్దంలో కట్టిన కెథెడ్రల్. మే నెలలో ఇళ్ళ ముంగిళ్ళ పండగ ఉంటుంది, మీరు అప్పుడు అక్కడే ఉంటారు. గది మాత్రం చాలా ముందుగా బుక్ చేసుకోవాలి. సెవియ్యా బస్సులో పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. మధ్యలో మిగిలే టైమ్‌లో కెథెడ్రల్ క్యూలో నిలబడి వస్తారు. కోర్సు అయ్యాక మూడు రోజులు పెట్టుకుని వెళ్ళండి.

తిండి. గ్రనాడాలో డ్రింక్ చెప్తే తాపా, అంటే చిన్న ప్లేటు తిండి, ఉచితం, చెప్పకపోతే వాళ్ళిష్టం వచ్చింది వస్తుంది. 'కార్నే (మాంసం) తినను' అంటే చాలదు. వాళ్ళ మనసులో హమోన్, అంటే ఉప్పులో ఊరేసిన పంది తొడ, మాంసం కిందికి రాదు. ట్యూనా అసలే రాదు. 'సిన్ కార్నే, సిన్ హమోన్, సిన్ పెస్కాదో', అంటే మాంసం, హమోన్, చేప లేకుండా అని మూడూ విడివిడిగా చెప్పండి. కోర్దోబాలో సల్మోరేహో చల్లటి టమాటా చారు, పైన హమోన్ ముక్కలూ గుడ్డూ చల్లుతారు, వద్దని ముందే అనండి. కొండ ఊళ్ళలో పతాతాస్ అ లొ పోబ్రే, పేదవాళ్ళ బంగాళాదుంప వేపుడు, బానే ఉంటుంది. అన్నిటికంటే బెరెన్హేనాస్ కోన్ మియెల్ అడగండి. వంకాయ చెక్కల బజ్జీల్లాంటివి, మీద నల్లటి తీపి పోస్తారు. తేనె అని రాసి ఉంటుంది గానీ తేనె కాదు, మియెల్ దె కాన్యా, బెల్లం గట్టిపడకముందు ఉండే చెరకు పానకం. అరబ్బుల కాలం నుంచి మోత్రిల్ తీరంలో చెరకు పండించారు, ఆ రుచి ఊళ్ళో ఉండిపోయింది.

మే 3 మీ లిస్టులో లేదు. ఆ రోజు దియా దె లా క్రూస్, శిలువ పండగ. స్కూల్‌కి సెలవిచ్చినా ఇవ్వకపోయినా వీధుల్లోకి వెళ్ళండి. ప్రతి పేటలో ఎర్ర కార్నేషన్ పూలతో నిలువెత్తు శిలువ కడతారు, ఏది బాగుందని పోటీ. శిలువ కింద రాగి బిందెలు, సాలువాల మధ్య ఒక ఆపిల్ పండు, దానిలోకి గుచ్చిన కత్తెర కనపడుతుంది. ఎవరైనా పెద్దావిడని అది ఎందుకని అడగండి. పేరో అంటే 'కానీ' అని మీకు మొదటి వారంలోనే నేర్పుతారు. అక్కడ ఒకరకం ఆపిల్‌నీ పేరో అనే అంటారు. 'బాగుంది, కానీ...' అని ఎవరైనా వంక పెట్టబోతే ఆ 'కానీ'ని ముందే కత్తిరించేశాం అని అర్థం. మన గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ ఎందుకు కడతామో ఆవిడకి స్పానిష్‌లో చెప్పి రండి. మిరపకాయ మన దాకా వచ్చింది ఆ సాంతా ఫే కాగితం వల్లేనని కూడా చెప్పండి.